గోడ మీద బంతిదండలు

రేవు పక్కనున్న మల్కాపురంలో మా షెడ్డుకి పేరు లేదు. ఊళ్ళో సగం దుకాణాల బోర్డులు రాసినవాళ్ళమే, మా గుమ్మం మీద బోర్డుకి మాత్రం తెల్లరంగు వేసి అలాగే వదిలేశాం. పేరు పెడదామని కూచున్న ప్రతిసారీ పోట్లాటే. ఒకరు ‘కళా’ అంటే ఇంకొకరు ‘కార్మిక’ అనాలి. అది పార్టీ పేరులా ఉందని మూడోవాళ్ళు లేచిపోవాలి. ఆఖరికి విసుగెత్తి నేనే అన్నాను, ఖాళీగా ఉంచండి, కాకులైనా వాలతాయి అని. అందరూ నవ్వారు, బోర్డు అలాగే ఉండిపోయింది.

ఇది డెబ్భైల చివరి మాట. అప్పుడు నేనొక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు టీచర్ని. డ్రాయింగు టీచరంటే ఆ రోజుల్లో హెడ్మాస్టరుగారికి ఛార్టులు రాసిపెట్టే మనిషి. పిల్లల చేత మామిడిపండు, జెండా, తామరపువ్వు తప్ప ఇంకేమైనా వేయిస్తే ఆయనకి కోపం. బడి వదలగానే నేను ఇంటికి పోకుండా షెడ్డుకి ఎందుకు పోయేదాన్నో వేరే చెప్పక్కర్లేదు.

షెడ్డు చాచాది. వన్‌టౌన్‌లో తరతరాలుగా ఉన్న ముస్లిం కుటుంబం ఆయనది. శుభలేఖలు అచ్చువేసేవాడు. చెక్క చట్రానికి పట్టుగుడ్డ బిగించి, దాని మీద రంగు పోసి రబ్బరుతో ఒక్క లాగు లాగితే కింద కాగితం మీద పెళ్ళికూతురి పేరు పడిపోయేది. తడి కార్డులు ఆరేసుకోవడానికి వాళ్ళ ఇరుకు వీధిలో చోటు చాలక, మల్కాపురం మెయిన్‌రోడ్డు పక్కన పాత ఎండుచేపల గోడౌను ఒకటి అద్దెకి తీసుకున్నాడు. ఎంత కడిగినా చేపల వాసన పోలేదు. ఆ వాసనతోనే ఎంతమంది పెళ్ళిపిలుపులు వెళ్ళాయో ఆ దేవుడికే తెలియాలి.

చాచా తలుపు వేసుకుని పని చేసుకునే మనిషి కాదు. ముందు బోర్డులు రాసే బావ వచ్చాడు. అతణ్ణి అందరూ ‘బావ’ అనే పిలిచేవారు, ఆఖరికి అతని పెళ్ళాం తరఫు వాళ్ళు కూడా. ఉక్కు ఫ్యాక్టరీకి భూములు పోయిన ఊరివాడు. నాగలి వదిలి కుంచె పట్టుకుని లారీలకి పేర్లు రాస్తూ బతికేవాడు. అతని వెనకే నేను. మా వెనకే పోర్టు కళాసీలు, రిఫైనరీలో కాంట్రాక్టు పనివాళ్ళు, సాయంత్రం నాటకం రిహార్సలు వేసుకునే కుర్రాళ్ళు, మధ్యాహ్నం వంట ముగించుకుని వచ్చే ఆడవాళ్ళు. యూనియన్ మీటింగు పోస్టరు కావాలన్నా, అమ్మవారి పండగ పోస్టరు కావాలన్నా షెడ్డుకే రావాలి. ఎవరి పోస్టరు వాళ్ళే లాగాలి. చాచా పక్కన నిలబడి “అరే, రంగు కాదు, నీ బలం తక్కువ పడింది” అనేవాడు.

మాకు ఒకటే కట్టుబాటు. ఒకరు వేసింది ఇంకొకరు చెరపకూడదు. చెరపాలంటే షెడ్డులో ఉన్న అందరూ ఒప్పుకోవాలి. మొదట్లో నేను వేసిన పడవని బావ తుడిచేసి ఓడ వేశాడు, ఆ రోజు నేను పెట్టిన గోలకి పుట్టిన కట్టుబాటు అది. అప్పుడు నాకు అది గొప్ప న్యాయంగా కనిపించింది.

గోడ సంగతి ఒక విదేశీ నావికుడి వల్ల మొదలైంది. గోధుమల ఓడ రేవులో ఉండగా ఊరు చూద్దామని బయల్దేరిన మనిషి, తాడు మీద ఆరేసిన తడి కాగితాలు చూసి మా గుమ్మంలో ఆగిపోయాడు. అమెరికావాడన్నాడు గానీ చూడ్డానికి మా బావకి తమ్ముడిలా ఉన్నాడు, అదే రంగు, అదే మీసం. అతని ఇంగ్లీషు గబగబా పోయేది, నాది కర్ర పట్టుకుని వెనక నడిచేది. అయినా ఎలాగో తెలుసుకున్నాను. వాళ్ళ పెద్దలు మెక్సికో నుంచి వచ్చినవాళ్ళట. తమని తాము చికానోలమని చెప్పుకుంటారట. లాస్‌ఏంజెల్స్‌లో వాళ్ళ పేటలో కూడా ఇలాంటి షెడ్డే ఉందట, ఎవరైనా వచ్చి పోస్టరు లాగొచ్చట. పేటలో గోడల నిండా తమవాళ్ళ మొహాలే, తోటల్లో పళ్ళు కోసేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, ముసలమ్మలు. పెద్ద మ్యూజియంవాళ్ళు తమ బొమ్మలు పెట్టుకోకపోతే ఏం, మా గోడలు మాకున్నాయి అన్నాడు. ఆ మాట నేను తెలుగులో చెప్పగానే బావ లేచి నిలబడ్డాడు.

అతను ఇంకో సంగతి చెప్పాడు. ఏడాదికో రోజు వాళ్ళు పోయినవాళ్ళని తలుచుకుంటారట. ఇష్టమైన వంటలు పెట్టి, బంతిపూలు పరుస్తారట. గోడల మీద కూడా పోయినవాళ్ళనీ ఉన్నవాళ్ళనీ కలిపి వేస్తారట. బంతిపూలంటే ఏ పూలో రూఢి చేసుకోవడానికి చాచా పసుపురంగు డబ్బా తెచ్చి ఒక చుక్క పెట్టి చూపించాడు. అతను అవునవునని తల ఊపాడు. మా బంతిపూలు అంత దూరంలో కూడా ఉన్నాయా అని మేం ఆశ్చర్యపోతుంటే, తమ బంతిపూలు ఇక్కడ కూడా ఉన్నాయా అని అతను ఆశ్చర్యపోయాడు. టీ తాగి, పోస్టరు ఒకటి లాగి వెళ్ళిపోయాడు. మళ్ళీ కనపడలేదు.

మర్నాటికే మా రోడ్డు వైపు గోడకి సున్నం పడింది. పై వరసలో పోయినవాళ్ళు, అంటే రేవులో ప్రమాదాల్లో పోయినవాళ్ళు, సముద్రం తీసుకుపోయినవాళ్ళు. వాళ్ళ మెడల్లో బంతిదండలు. కింది వరసలో ఉన్నవాళ్ళు, పనిలో ఉన్నట్టు. బావ గీత గీసేవాడు, వచ్చినవాళ్ళు రంగు నింపేవారు. ఓడల మరమ్మతులో మిగిలిన ఎనామిల్ డబ్బాలు ఎవరో ఒకరు తెచ్చేవారు, ఎలా తెచ్చారని మేం అడిగేవాళ్ళం కాదు. చాచా తన మొహం వద్దన్నాడు. “మొహాలు మీ పని బేటీ, అక్షరాలు నా పని” అనేవాడు. మేం ఊరుకుంటామా? మేకుకి తగిలించిన ఆయన టోపీని వేశాం. రోజూ చూసుకుని మురిసిపోయేవాడు.

రంగు నింపేవాళ్ళలో చెయ్యి తిరిగినది మా వదిన. వరసకి వదిన కాదు, పక్కవీధి మనిషి. మొగుడు ఫిషింగ్ హార్బరు నుంచి మరపడవ మీద వేటకి పోయేవాడు. అత్తింటివాళ్ళది యారాడ, కొండ అవతలి పల్లె. మామగారు వయసు మీద పడ్డాక వీళ్ళ దగ్గరికి వచ్చేశాడు. ఆమె కుంచె గీత దాటేది కాదు. కింది వరసలో వల బాగుచేస్తున్న మామగారినీ, తాడు చుడుతున్న మొగుణ్ణీ ఆమే నింపింది. మొగుడి చొక్కాకి ఏ రంగు వెయ్యాలో తేల్చుకోలేక మా ప్రాణం తీసింది. ఆఖరికి నీలం వేసి, అంత మంచి చొక్కా ఆడికి లేదు, గోడ మీదైనా తొడుక్కోనీ అంది.

ఆ శీతాకాలం వాయుగుండం పట్టింది. వేటకి పోయిన పడవలన్నీ తిరిగొచ్చాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాని మీదే వదిన మొగుడున్నాడు. భీమిలి వైపు ఒడ్డుకి చెక్కలు కొట్టుకొచ్చాయన్నారు. ఆ పడవవే అని కొందరు, కాదని కొందరు. వర్షం తగ్గింది, ఎండ వచ్చింది, అతను రాలేదు.

ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి గోడ మీద అతని బొమ్మ మెడలో బంతిదండ ఉంది. నిజంగా మంచి దండ, ఒక్కొక్క పువ్వూ విడిగా కనిపిస్తోంది. వేసినవాడు బావ. అతనికీ బావకీ ప్రాణస్నేహం, ఊరు పోగొట్టుకుని వచ్చిన కొత్తలో బావకి చోటిచ్చింది అతనే. దండ వేసి, కుంచె కడగకుండా నేల మీద కూలబడి ఏడుస్తున్నాడు.

“ఏటి బావా ఇది? ఎవులు సెప్పినారు నీకు?” అని అరిచాను.

“ఎవులు సెప్పాల? నాకు తెల్దేటి? ఆడు బతికుంటే రాకుండా ఉంటాడేటి?”

“వదిన్ని అడిగినావా?”

అడగలేదు. ఆ నావికుడు చెప్పిన మాట పట్టుకుని, పోయినవాణ్ణి ప్రేమగా నిలబెట్టుకుంటున్నాననుకున్నాడు. మన దేశంలో బొమ్మకి దండ పడితే ఏమౌతుందో ఆలోచించలేదు.

ఏమైందంటే, ఆ సాయంత్రానికే వదినావాళ్ళింటికి, మామగారి దగ్గరికి కులపెద్దలు వచ్చారు. అప్పటిదాకా వాళ్ళు కూడా నోరు మెదపలేదు, ఎవరు ముందు అనాలా అని చూస్తున్నారు. ఇప్పుడు గోడ అనేసింది. “గోడ మీదే దండ పడిపోనాది, ఇంకా ఏటి సూత్తాం” అన్నారట. మామగారు చెడ్డవాడు కాదు. కర్మ జరక్కపోతే కొడుకు గతి లేకుండా తిరుగుతాడని ఆయన భయం. రోజు పెట్టేశారు. ఆ రోజున కొడుక్కి కర్మ చేస్తారు, కోడలి గాజులు తీస్తారు, బొట్టు చెరుపుతారు.

నా ఒళ్ళు మండిపోయింది. మర్నాడు షెడ్డులో అందరినీ కూచోబెట్టి ఆ దండ చెరపాలన్నాను. బావ తల అడ్డంగా ఊపాడు.

“నా సేత్తో ఆడికేసినాను. నా సేత్తో తియ్యలేను. ఇంకోసారి సంపినట్టుంటాది.”

బతికున్నవాణ్ణి చంపింది నువ్వే అన్నాను. అంతకంటే పెద్దమాటలే అన్నాను. అతను తల వంచుకుని వింటూ కూచున్నాడు గానీ ఒప్పుకోలేదు. అందరూ చాచా వైపు చూశారు. ఆయన గడ్డం నిమురుకుని, “కట్టుబాటు నువ్వు పోట్లాడి పెట్టించిందే కదా బేటీ” అన్నాడు. ఆ కట్టుబాటుని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, అచ్చులో బాగోవు.

వదిన గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా విన్నదని మాకు తెలియదు. లోపలికి వచ్చి బావ వైపు ఒకసారి చూసింది. తరవాత చాచాని అడిగింది.

“చాచా, ఒకరు ఏసింది సెరపకూడదు. సరే. కొత్తగా ఎయ్యొచ్చా?”

“ఎయ్యడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదమ్మా. డబ్బాలు అక్కడున్నాయి.”

పసుపు డబ్బా, నారింజ డబ్బా, పెద్ద కుంచె తీసుకుని బయటికి నడిచింది. మేం వెనకే వెళ్ళాం. మొగుడి బొమ్మ జోలికే పోలేదు. పక్కనున్న మామగారి బొమ్మ దగ్గరికి వెళ్ళి, మెడ చుట్టూ పసుపు గుండ్రాలు పెట్టడం మొదలెట్టింది. ఒక దండ అయింది. తరవాత మూట మోస్తున్న కళాసీకి. చేపల తట్ట నెత్తిన పెట్టుకున్న ముసలమ్మకి. నిచ్చెన మీద బోర్డు రాస్తున్న బావకి. సుద్దముక్క పట్టుకున్న నాకు. దండ పడుతుంటే నా మెడ మీద నిజంగానే ఏదో పాకినట్టయి చేత్తో తడుముకున్నాను. చాచా టోపీని కూడా వదల్లేదు, మేకు మీంచి దండ వేలాడదీసింది. పొద్దువాలక ముందే కింది వరసలో దండ లేని మనిషి ఒక్కరూ మిగల్లేదు.

రోడ్డు మీద బస్సు ఆపి మరీ చూశారు జనం. కబురు విని మామగారు కర్ర పట్టుకుని వచ్చాడు. ఆయన వెనకాల కులపెద్దలు. తన బొమ్మ చూసుకుని దాని వైపు కర్ర ఎత్తాడు.

“నాను బతికుండగా నాకు దండేత్తావేటే?”

ఆమె కుంచె దించలేదు. పసుపురంగు మోచేతి దాకా కారుతోంది, గాజుల మీద కూడా.

“ఏసినాను మామయ్యా. సచ్చిపోనారేటి?”

కుంచెతో మొగుడి బొమ్మని చూపించింది.

“మీకు దండేసినా మీరు బతికే ఉన్నారు కదా. మీ కొడుక్కేత్తే ఆడెందుకు సచ్చిపోవాల? సెప్పండి. ఆడి శవం సూపిత్తే నానే తీసీత్తాను గాజులు. బొమ్మని సూసి తియ్యను.”

చేపల ముసలమ్మ ఆ జనంలోనే ఉంది. తన బొమ్మని ఎగాదిగా చూసుకుని, “నాకు దండ బాగున్నాది. పోయాక ఏత్తే నాకేటి కనిపిత్తాది?” అంది. ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వుతో కులపెద్దల బిగువు సడలింది. మామగారు నవ్వలేదు. చాలాసేపు తన బొమ్మనీ, పక్కనే కొడుకు బొమ్మనీ మార్చి మార్చి చూశాడు. ఇంటిదారి పట్టాడు. ఆ సాయంత్రం పెద్దలతో, అమావాస్య దాటేదాకా ఆగుదాం, అప్పటికీ రాకపోతే మీరు చెప్పినట్టే అన్నాడని తెలిసింది.

ఊపిరి పీల్చుకున్నాం గానీ సగమే. అమావాస్య ఎంతో దూరం లేదు. ఆమె తెగింపు చూసి ఊరు మెచ్చుకుంది. కానీ అతను నిజంగానే రాకపోతే? ఆ మాట ఎవరం పైకి అనలేదు. ఆమె రోజూ తడిగుడ్డ పట్టుకుని వచ్చేది. రేవు నుంచి ఇనుప ఖనిజం దుమ్ము ఎర్రగా వచ్చి గోడ మీద పేరుకునేది, అందరి మొహాలూ తుడిచి వెళ్ళేది. మొగుడి మొహం మీద మిగతావాళ్ళకంటే ఎక్కువసేపు ఉండేది కాదు. కావాలనే అలా చేస్తోందని నాకు తెలిసేది. బావ ఆమె ఎదట పడలేక షెడ్డు వెనకవైపు నుంచి వచ్చి వెళ్ళేవాడు. నేను అతనితో మాట్లాడ్డం మానేశాను. బొమ్మలూ వద్దు, గోడలూ వద్దు, మామిడిపండ్లు వేయించుకుంటూ బడిలో పడి ఉండటమే నయం అనిపించింది.

అమావాస్య ముందురోజు బడి వదిలి వస్తుంటే గోడ దగ్గర జనం మూగి ఉన్నారు. శవం దొరికిందనే అనుకున్నాను. జనాన్ని తోసుకుని ముందుకి వెళ్ళాను.

గెడ్డం పెరిగిపోయి, ఎవరిదో పొట్టి లుంగీ కట్టుకుని, చెప్పుల్లేని కాళ్ళతో ఒక మనిషి గోడ ముందు నిలబడి ఉన్నాడు. బస్సు దిగి ఇంటికి పోతూ గోడ చూసి ఆగిపోయాడట. ఒక్కొక్క బొమ్మనీ చూస్తున్నాడు. తనది, తండ్రిది, కళాసీది, బావది, నాది. అప్పుడే షెడ్డులోంచి బయటికొచ్చిన బావ చేతిలో రంగు డబ్బాతో సహా కొయ్యబారిపోయాడు.

అతను వెనక్కి తిరిగి, మొహం పాలిపోయి అడిగాడు. “ఏటి బావా ఇది? నాను లేనప్పుడు మల్కాపురమంతా సచ్చిపోనాదేటి?”

డబ్బా కింద పడింది. బావ అతని మీద పడి ఏడ్చిన ఏడుపు చెప్పలేను. నేను కూడా ఏడ్చాను, నవ్వుతూ ఏడ్చాను. గుండెల మీంచి బండ దిగిపోయినట్టు, అన్ని రోజులూ నేను సరిగ్గా గాలి పీల్చలేదని అప్పుడే తెలిసినట్టు అనిపించింది. ఇంజను చెడిపోయి పడవ కొట్టుకుపోయిందట. పారాదీప్ వైపు ఒక ఓడవాళ్ళు చూసి అందరినీ ఎక్కించుకున్నారట. జ్వరాలతో ఆసుపత్రిలో ఉండి, కబురు పంపే దారి లేక, కాస్త కోలుకోగానే రైలెక్కారట. అందరూ క్షేమం.

ఎవరు పరిగెత్తి చెప్పారో, వదిన వచ్చింది. పరిగెత్తుతూ రాలేదు. నిప్పుల మీద నడిచినట్టు నెమ్మదిగా వచ్చింది. దగ్గరికి వచ్చి, “ఆ గెడ్డం ఏటి, సన్నాసోడినాగ?” అంది. అంతే, అక్కడే రోడ్డు మీద కూలబడి, అన్నాళ్ళూ ఒక్క చుక్క రాల్చని మనిషి గొంతెత్తి ఏడ్చింది. అతను పక్కనే కూచున్నాడు. ఎవరూ ఓదార్చలేదు. ఏడవనిచ్చాం.

మర్నాడు బావ కిరసనాయిలు గుడ్డ పట్టుకుని షెడ్డులో నిలబడ్డాడు. “అందరూ ఒప్పుకుంటారేటి?” అని అడిగాడు. ఒప్పుకున్నాం, అందరికంటే గట్టిగా నేను. స్నేహితుడి దండ మొదట తీశాడు. ఎండిపోయిన ఎనామిల్ ఒక పట్టాన ఊడలేదు, మధ్యాహ్నందాకా గీకుతూనే ఉన్నాడు. ఆఖరికి నీలం చొక్కా మీద కొంచెం మచ్చ మిగిలింది. తరవాత కళాసీది, తనది, నాది. నా దండ పోతుంటే కొంచెం బెంగగా అనిపించిన మాట నిజం. ఎనభైల్లో రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ గోడే పోయింది. అప్పటికి మాకు వేరే గోడలున్నాయి, నేను పెద్దగా బాధపడలేదు.

ఆ రోజు గీకుతూ మామగారి బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆయన వచ్చి కర్ర అడ్డం పెట్టాడు.

“నాది ముట్టుకోకు.”

బావ ఎంత చెప్పినా వినలేదు. బతికున్న మనిషికి అపశకునం అన్నారు కులపెద్దలు. ఆయన చెవిన పెట్టలేదు. ఆ రోజు నుంచి సాయంత్రం కాగానే వచ్చి, దండ వేసుకున్న తన బొమ్మ కింద గోడకి జారబడి కూచునేవాడు. బస్సు కోసం నిలబడినవాళ్ళు విడ్డూరంగా చూస్తే పిలిచి మరీ చూపించేవాడు.

“నా కోడలు ఏసింది. మా ఇంట్లో దానికొక్కదానికే బుద్దున్నాది.”